యుద్ధకాలంలో స్థానిక సేవా సంఘం పని ఆగకుండా నడవడానికి ఒక మార్గదర్శి

యుద్ధం మొదలైన తొలి వారంలోనే స్థానిక సేవా సంఘానికి రెండు ప్రమాదాలు ఎదురవుతాయి. ఒకటి, ఇలాంటి సమయంలో మన సమావేశాలేమిటని తాళం వేసుకొని కూర్చోవడం. రెండవది, ఆవేశం మీద పది పనులు ఒకేసారి నెత్తికెత్తుకొని మూడో నెలకల్లా డబ్బు, ఓపిక రెండూ అయిపోయి చతికిలబడడం. నా దృష్టిలో రెండవదే ఎక్కువ నష్టం చేస్తుంది. మూతపడిన సంఘం మీద ఎవరూ ఆశ పెట్టుకోరు, కానీ సాయం చేస్తామని చెప్పి మధ్యలో ఆపేసిన సంఘాన్ని నమ్ముకున్నవారు మరో దారి చూసుకొనే సమయాన్ని కూడా పోగొట్టుకుంటారు.

ఇలాంటి సంఘాలకు యుద్ధం కొత్త పరీక్ష కాదు. రోటరీ 1905లో షికాగోలో పుట్టింది. లయన్స్ సంస్థ అదే నగరంలో 1917 జూన్‌లో, అంటే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగిన రెండు నెలలకు రూపుదిద్దుకుంది. బ్రిటన్‌లో 1938లో ఏర్పడిన విమెన్స్ వాలంటరీ సర్వీసెస్ మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ. యుద్ధానికి ఏడాది ముందే వైమానిక దాడుల నుంచి రక్షణ కోసం మహిళలను కూడగట్టిన ఆ సంస్థ, 1939 సెప్టెంబరులో నగరాల పిల్లలను పల్లెలకు తరలించినప్పుడు వారికి తోడు నిలిచింది, ఆ తర్వాత దుస్తుల కేంద్రాలు, సంచార క్యాంటీన్లు నడిపింది. విడివిడిగా చూస్తే అవన్నీ చిన్న పనులే. వాటికి విలువ తెచ్చింది అవి రోజూ జరగడం.

ఏళ్ల తరబడి ఒకరినొకరు ఎరిగిన మనుషులు, ఊరివాళ్ల నమ్మకం, వారానికోసారి కలుసుకొనే అలవాటు, ఈ మూడూ ప్రభుత్వానికీ పెద్ద సంస్థలకూ ఒక్కరోజులో సమకూరేవి కావు. కింద చెప్పిన అడుగులన్నీ ఈ మూడింటినీ కాపాడుకుంటూ పనిచేయడం గురించే.

1. ముందు మనుషుల లెక్క తీయండి

సభ్యత్వ పుస్తకంలో ఉన్న పేర్లన్నీ ఇక పనికి వచ్చే పేర్లు కావు. కొందరు సైన్యంలో చేరతారు, కొందరు పిల్లలను తీసుకొని సురక్షిత ప్రాంతాలకు వెళ్తారు, వైద్యులు, విద్యుత్ సిబ్బంది వంటివారికి సొంత ఉద్యోగమే రోజంతా సరిపోతుంది. అందుకే మొదటి సమావేశంలోనే ప్రతి సభ్యుణ్ణీ ఒకే ప్రశ్న అడగండి: రోజూ రాగలరా, వారానికి ఒక పూట రాగలరా, దూరం నుంచి మాత్రమే చేయగలరా? జవాబు ఏదైనా తప్పు పట్టకూడదు.

దూరం వెళ్లినవారిని సంఘం మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. విరాళాలు సేకరించడం, లెక్కలు రాయడం, అనువాదం, గ్రాంటు దరఖాస్తులు, ఒంటరిగా ఉన్న వృద్ధులతో ఫోన్‌లో మాట్లాడడం వంటి పనులకు ఊళ్లో ఉండనక్కరలేదు. పైగా కరెంటు, నెట్‌వర్క్ నిలకడగా ఉన్న చోటు నుంచి ఈ పనులు ఇంకా బాగా సాగుతాయి.

జాబితాలో ఫోన్ నంబరుతో పాటు రక్త వర్గం, వాహనం ఉందా లేదా, వచ్చిన భాషలు, వృత్తి నైపుణ్యం, ఏయే తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి అన్న వివరాలు రాయండి. కాగితం మీద కూడా ఒక ప్రతి ఉండాలి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన రోజునే జాబితా అవసరం పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఊరు మరో సైన్యం చేతిలోకి వెళ్లే అవకాశం ఉన్నచోట సభ్యుల జాబితాయే సభ్యులకు ప్రమాదం కావచ్చు. నాజీల పాలనలో ఒత్తిడి పెరిగి జర్మనీలోని రోటరీ క్లబ్బులు 1937లో రద్దయ్యాయి, జపాన్‌లో 1940లో అదే జరిగింది. స్వచ్ఛంద సంఘాలను అనుమానంతో చూసే పాలకులు ఎప్పుడూ ఉంటారు. కాబట్టి అవసరానికి మించిన వివరాలు రాయకండి, పూర్తి జాబితా ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉంచండి, దాన్ని ఎప్పుడు, ఎవరు నాశనం చేయాలో ముందే నిర్ణయించండి.

2. నియమావళిని ఒక్క తీర్మానంతో సడలించండి

కోరం (తీర్మానానికి కావాల్సిన కనీస హాజరు) లేక తీర్మానం ఆగిపోవడం, చెక్కు మీద సంతకం చేయాల్సిన కోశాధికారి పొరుగు దేశంలో ఉండడం శాంతికాలంలో చిన్న చికాకులు. యుద్ధకాలంలో అవే మొత్తం పనిని ఆపేస్తాయి. వీలైనంత త్వరగా ఒక అత్యవసర తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. అందులో నాలుగు సంగతులు ఉంటే చాలు. ప్రతి పదవికీ ఇద్దరు ప్రత్యామ్నాయ వ్యక్తుల పేర్లు, బ్యాంకు ఖాతాకు ముగ్గురు సంతకందారులు ఉండి ఏ ఇద్దరి సంతకమైనా చెల్లే ఏర్పాటు, కార్యవర్గాన్ని అడగకుండా ఖర్చు చేయగల పరిమితి, ఎన్నికలు జరపలేకపోతే పదవీకాలం ఎంతవరకు కొనసాగుతుందన్న స్పష్టత. చివరిదానికి తప్పనిసరిగా ఒక గడువు పెట్టండి. గడువు లేని అత్యవసర అధికారం ఎంత మంచి సంఘంలోనైనా కలతలు తెస్తుంది.

సమావేశాలను ఆపకండి, రూపం మార్చండి. అతిథుల ప్రసంగాలు, సన్మానాలు, పూలదండలు పక్కన పెట్టి అరగంటలో ముగించండి. గత వారం ఏం చేశాం, ఏది ఆగింది, వచ్చే వారం ఎవరు ఏం చేస్తారు, ఇంతే. స్థలం ఆశ్రయ కేంద్రానికి దగ్గరగా ఉండాలి, కర్ఫ్యూకి ముందే అందరూ ఇళ్లు చేరగలగాలి, సమయాన్నీ స్థలాన్నీ బహిరంగంగా ప్రకటించకూడదు. నెట్‌వర్క్ పూర్తిగా పోతే ఏ చోట, ఏ గంటకు కలవాలన్నది ప్రతి సభ్యుడికీ కంఠతా రావాలి.

3. చట్టం గీసిన గీతను తెలుసుకోండి

యుద్ధంలో సామాన్య పౌరుల రక్షణకు ప్రధాన ఆధారం 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందం, దానికి తోడు 1977 నాటి అదనపు ప్రోటోకాళ్లు. ఆక్రమిత ప్రాంతాల్లో రెడ్‌క్రాస్ సంఘాలతో పాటు ఇతర సహాయ సంఘాలు కూడా తమ మానవతా కార్యక్రమాలను కొనసాగించుకోవచ్చని ఆ ఒప్పందంలోని 63వ అధికరణం చెబుతోంది. అయితే ఆక్రమించిన శక్తి అత్యవసర భద్రతా కారణాలు చూపి తాత్కాలికంగా ఆంక్షలు పెట్టే వీలు కూడా అందులోనే ఉంది. ఈ రక్షణ కాగితం మీద ఉన్నంత బలంగా క్షేత్రంలో ఉండదు, కానీ ఆ సంగతి తెలిసినవాడు అధికారితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

సదుద్దేశంతో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎర్ర శిలువ, ఎర్ర నెలవంక చిహ్నాలు చట్టం రక్షించే చిహ్నాలు. మందులు తీసుకెళ్తున్నాం కదా అని సంఘం వ్యాను మీద వాటిని వేసుకోకూడదు. అలా వేస్తే నిజమైన అంబులెన్సుల మీద కూడా నమ్మకం సడలుతుంది. మీ సంఘం ముద్ర మీకు చాలు.

సైన్యానికి సాయం చేయాలన్న కోరిక సభ్యుల్లో సహజంగానే కలుగుతుంది, తమవాళ్లు ముందు వరుసలో ఉన్నప్పుడు దాన్ని తప్పనలేం. నా అభిప్రాయంలో ఆ సాయం వ్యక్తులుగా చేయవచ్చు, లేదా వేరే ఖాతా, వేరే కమిటీ ద్వారా చేయవచ్చు. పౌరులకు అందే సామానూ సైన్యానికి వెళ్లే సామానూ ఒకే వ్యానులో, ఒకే గోదాములో, ఒకే రసీదు పుస్తకంలో కలిస్తే, సంఘానికి ఉన్న మానవతా గుర్తింపు పోవడమే కాక, ఆ గోదాములో పనిచేసే స్వచ్ఛంద సేవకుల ప్రాణాలకు కూడా ముప్పు వస్తుంది. అంతర్జాతీయ దాతలు కూడా ఈ తేడాను గట్టిగా అడుగుతారు.

4. పనిని ఎంచుకొనే ముందు అడగండి

స్థానిక పాలక సంస్థ, ఆసుపత్రి, రెడ్‌క్రాస్ శాఖ, పాఠశాలల ప్రధానోపాధ్యాయులు, ఆశ్రయ శిబిరాల నిర్వాహకులు, ఈ ఐదు చోట్లకూ ఇద్దరిద్దరు సభ్యులు వెళ్లి ఒకే మూడు ప్రశ్నలు అడగాలి. మీకు ఏది కొరవడింది? దాన్ని ఇప్పుడు ఎవరైనా చూస్తున్నారా? మా నుంచి ఏది వద్దు? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబులే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఆ జవాబులను ఒక పేజీలో రాసుకొని ఒక ప్రధాన పని, ఒక అనుబంధ పని ఎంచుకోండి. ఇదే పనిని సగం మంది సభ్యులతో ఆరు నెలల తర్వాత కూడా చేయగలమా అన్నదే ఎంపికకు గీటురాయి. చేయలేమనిపిస్తే పనిని వదలనక్కరలేదు, పరిమాణం తగ్గించండి. రెండు వందల కుటుంబాలకు ఒకసారి ఇవ్వడం కంటే ముప్పై కుటుంబాలకు ప్రతి వారం ఇవ్వడం మేలు.

5. సంఘాలకు బాగా నప్పే పనులు, వాటిలోని మెలకువలు

రక్తదానం అందరికీ మొదట తట్టే పని. అందుకే అందరూ దాన్ని తప్పుగా చేస్తారు. మొదటి రోజే సభ్యులంతా వరుస కట్టి రక్తం ఇస్తే, నిల్వ చేసిన ఎర్ర రక్తకణాలు రకాన్ని బట్టి 35 నుంచి 42 రోజుల్లో గడువు దాటతాయి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 5 నుంచి 7 రోజులకు మించి నిలవవు. ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే దేశాన్ని బట్టి ఎనిమిది వారాల నుంచి నాలుగు నెలల దాకా ఆగాలి. నిజంగా క్షతగాత్రులు పోటెత్తిన రోజున ఇవ్వడానికి అర్హులైనవారు ఎవరూ మిగలరు. కాబట్టి రక్తనిధి అధికారితో మాట్లాడి దాతలను నాలుగైదు బృందాలుగా విడదీయండి, ఏ వారం ఏ బృందం వెళ్లాలో ఆయన చెప్పినట్లే రాసుకోండి, అత్యవసరంలో దాదాపు ఎవరికైనా ఎక్కించగల ఓ నెగెటివ్ రక్తం ఉన్నవారిని పిలిస్తే వచ్చేవారిగా విడిగా ఉంచండి. ఈ పట్టికను నడపడానికి ఫోన్ పట్టుకొని కూర్చొనే ఒక ఓపికగల మనిషి చాలు.

వస్తువుల సేకరణలో తెలియని శ్రమ చాలా ఉంది. ఏది దొరికితే అది ఇవ్వండని పిలుపునిస్తే జత లేని చెప్పులు, చిరిగిన కోట్లు, సగం వాడిన మందులు వచ్చి పడతాయి, వాటిని వేరు చేయడానికే సభ్యుల శక్తంతా ఖర్చవుతుంది. ఐదారు వస్తువుల పేర్లు మాత్రమే ప్రకటించి, మిగతావి గుమ్మం దగ్గరే మర్యాదగా తిరస్కరించండి. లోపల పొడవాటి బల్ల మీద విప్పి, చూసి, ఒక పెట్టెలో ఒకే రకం వస్తువు పెట్టాలి. దుప్పట్ల పెట్టెలో సబ్బులు కలపకూడదు. బూట్లయితే జతను లేసులతో ముడివేయాలి. పెట్టె ఒక మనిషి మోయగల బరువుకు మించకూడదు. పైనా, రెండు పక్కలా లావు అక్షరాలతో "పెద్దల దుప్పట్లు, 10" అని, దాని కింద తేదీ, రిజిస్టరులోని వరుస సంఖ్య రాయాలి. ఒక్క పైభాగాన రాస్తే పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చాక అక్షరం కనబడదు, చీకట్లో టార్చి వెలుగులో వెతికేవాడు అన్నింటినీ దించి చూడాల్సి వస్తుంది.

మందుల జోలికి వైద్యులో ఫార్మసిస్టో పక్కన లేకుండా వెళ్లకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో తొలిసారి వెలువరించిన మందుల విరాళ మార్గదర్శకాల ప్రకారం, విరాళంగా వెళ్లే మందులకు సాధారణంగా చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి, రోగులు వాడగా మిగిలినవి పనికిరావు. వీలైతే డబ్బే పంపి, స్వీకరించే ఆసుపత్రినే కొనుక్కోమనడం ఉత్తమం.

ఇల్లు వదిలి వచ్చినవారికి సంఘం భవనంలో ఆశ్రయం ఇవ్వదలిస్తే మానవతా సంస్థలు కలిసి రూపొందించిన స్ఫియర్ ప్రమాణాలను దగ్గర పెట్టుకోండి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, తలా 3.5 చదరపు మీటర్ల నివాస స్థలం, 20 మందికి ఒక మరుగుదొడ్డి అన్నవి అందులోని కనీస కొలతలు. హాలు వైశాల్యాన్ని కొలిచి భాగించి చూస్తే ఎందరికి చోటివ్వగలమో ముందే తెలుస్తుంది. ఆ సంఖ్యను గోడ మీద రాసి, అది దాటితే మరో చోటికి పంపే ఏర్పాటు చేసుకోండి. మహిళలకు విడి స్థలం, మరుగుదొడ్డి దారిలో రాత్రి వెలుతురు, లోపలి నుంచి వేసుకొనే గడియ, పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సేవకుల గుర్తింపు పత్రాల తనిఖీ, వీటిని తర్వాత చూద్దామనకూడదు.

కరెంటు పోయిన ఊళ్లో ఒక వెలుగుతున్న గది పెద్ద సేవ. విద్యుత్ వ్యవస్థ మీద దాడులు జరిగిన 2022 నవంబరులో ఉక్రెయిన్ ప్రభుత్వం వెచ్చదనం, తాగునీరు, ఫోన్ ఛార్జింగ్, ఇంటర్నెట్ దొరికే కేంద్రాలను దేశమంతటా తెరిచింది. జనరేటరు, కొన్ని ప్లగ్గు పాయింట్లు, కుర్చీలు ఉన్న ఏ సంఘమైనా చిన్న స్థాయిలో ఇదే పని చేయగలదు. జనరేటరును మాత్రం గదిలోపల, వరండాలో, కిటికీల దగ్గర పెట్టకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తప్పిపోయినవారి జాడ తీసే పనిని సంఘం సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆ పనికి 1870లో బాసెల్‌లో తెరిచిన ఏజెన్సీ నాటి నుంచి రెడ్‌క్రాస్ దగ్గర అనుభవం ఉంది, 1914లో జెనీవాలో ఏర్పడిన యుద్ధ ఖైదీల ఏజెన్సీ లక్షల సంఖ్యలో కార్డులతో నడిచింది. మీరు చేయాల్సింది చిన్నది. తప్పిపోయినవారి పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, చివరిసారి కనిపించిన చోటు, తేదీ, వెతుకుతున్నవారి వివరాలు శుభ్రంగా రాయించి, వారి అనుమతితో రెడ్‌క్రాస్‌కు అందజేయడం. ఆ వివరాలను సామాజిక మాధ్యమాల్లో పెడితే మోసగాళ్లు విడుదల డబ్బు అడుగుతూ కుటుంబాలకు ఫోన్లు చేసే ప్రమాదం ఉంది.

మంచాన పడినవారు, ఒంటరి వృద్ధులు, వికలాంగులు ఏ వరుసలోనూ కనబడరు, ఎందుకంటే వాళ్లు వరుస దాకా రాలేరు. ఒక వీధికి ఒక సభ్యుణ్ణి కేటాయించి, రోజు మార్చి రోజు తలుపు తట్టే ఏర్పాటు చేయండి. సైరన్ మోగితే ఎవరు ఎవరిని కిందికి దించాలో పేర్లతో రాసి ఉండాలి. ఒకే పని చేయగల శక్తి ఉందంటే నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

భయంతో, దుఃఖంతో ఉన్నవారితో మాట్లాడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు మాటల్లో చెబుతుంది: చూడండి, వినండి, అవసరమైన సేవలతో కలపండి. జరిగినదంతా చెప్పమని ఒత్తిడి చేయకూడదన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఓదార్పు పేరుతో ఉపన్యాసం ఇచ్చే సభ్యులను ఈ పని నుంచి సున్నితంగా తప్పించండి.

6. డబ్బు లెక్క

యుద్ధ సహాయానికి విడి ఖాతా, విడి రసీదు పుస్తకం, నెలకోసారి బహిరంగ లెక్క, ఇవి తప్పనిసరి. అత్యవసరంలో రసీదు ఎవరడుగుతారన్న మాట ఆర్నెల్ల తర్వాత సంఘాన్ని నిలువునా చీలుస్తుంది. బిల్లు దొరకని చోట కొన్న వస్తువు, మొత్తం, తేదీ, ఇద్దరి సంతకాలతో ఒక వోచరు రాసి అక్కడే ఫోటో తీసి ఊరి బయట ఉన్న కోశాధికారికి పంపండి. రోటరీ ఫౌండేషన్, లయన్స్ అంతర్జాతీయ ఫౌండేషన్ వంటివి విపత్తు గ్రాంట్లు ఇస్తాయి, కానీ మునుపటి గ్రాంటు నివేదిక అందని క్లబ్బుకు తరువాతిది దొరకడం కష్టం. విదేశాల నుంచి వచ్చే డబ్బుకు మీ దేశపు చట్టం ఏ అనుమతి అడుగుతుందో బ్యాంకులో ముందే తెలుసుకోండి.

7. మాట, ఫోటో, వాట్సాప్

దాడి జరిగిన చోటి ఫోటో పెడితే గురి తప్పిందా తగిలిందా అన్నది ఎదుటివారికి మీరే చెప్పినట్లవుతుంది. గోదాము చిరునామా, వ్యాను బయలుదేరే సమయం, శిబిరంలోని మనుషుల ముఖాలు, ఇవేవీ బయటకు పోకూడదు. పంపిణీ వార్తను పని ముగిసి, అందరూ తిరిగొచ్చాకే, చోటు పేరు లేకుండా ప్రకటించండి. దాతలకు ముఖాల ఫోటోలు కావాలనిపిస్తే చేతుల ఫోటో, పెట్టెల ఫోటో, లెక్క పేజీ ఫోటో పంపండి.

సంఘం గ్రూపులో వార్తలు పంచుకోవడం పూర్తిగా నిషేధించండి, పని సమాచారం మాత్రమే ఉండనివ్వండి. ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది, అయినా తప్పదు. పుకారు ఒక్కటి చాలు, నీటి ట్యాంకరు దగ్గర తొక్కిసలాటకు.

8. సభ్యులను అరిగిపోనివ్వకండి

వారంలో ఒక రోజు ఎవరూ ఏ పనీ చేయని నియమం పెట్టండి, ముఖ్యంగా అధ్యక్షుడికీ కార్యదర్శికీ. ఆస్తి నష్టపోయినవారికీ సైన్యానికి వెళ్లినవారికీ చందా మాఫీ చేస్తూ సభ్యత్వం కొనసాగించండి. సభ్యుల ఇళ్లలో మరణం సంభవిస్తే ఆ వారం వారి పని ఎవరు అందుకోవాలో ముందే తెలిసి ఉండాలి, అప్పుడు వారిని అడగాల్సిన అవసరం రాదు. ప్రమాదకర ప్రాంతానికి వెళ్లే ప్రయాణానికి ఎవరినీ ఓటుతో పంపకండి. వెళ్లనన్న మనిషిని కారణం అడగకూడదని తీర్మానంలోనే రాయండి.

శాంతికాలపు పాత కార్యక్రమాల్లో ఒక్కదాన్నయినా, పిల్లల చదువు గదో కంటి పరీక్షలో, చిన్న రూపంలో నడుపుతూ ఉండండి. యుద్ధం ముగిశాక సంఘం మళ్లీ నిలబడడానికి ఆ పాత పనే పనికొస్తుంది.

9. కాల్పులు ఆగిన తర్వాత

తుపాకులు ఆగిన రోజున సంఘం పని తగ్గదు, మారుతుంది. ఇళ్లకు తిరిగి వెళ్లేవారి తొందర ఒక వైపు, నేలలో మిగిలిన పేలని మందుగుండు మరో వైపు ఉంటాయి. పెరట్లో, పొలంలో, కూలిన గోడ కింద కనిపించే ఏ లోహపు వస్తువునూ ముట్టుకోవద్దని, చోటు గుర్తుంచుకొని వచ్చిన దారినే వెనుదిరగాలని, అధికారులకు ఫోన్ చేయాలని, ఇంటింటికీ, బడి బడికీ చెప్పడం వాలంటీర్ల పని. తొలగించడం మాత్రం శిక్షణ పొందిన దళాలదే.

ఆ తర్వాత గోదాములో మిగిలిన ప్రతి పెట్టెనూ రిజిస్టరుతో సరిచూసి స్వీకరించే సంస్థ సంతకంతో అప్పగించండి. యుద్ధ సహాయ ఖాతా లెక్కలను బయటి ఆడిటరుకు ఇవ్వండి. అత్యవసర తీర్మానాన్ని మరో తీర్మానంతో రద్దు చేసి, వాయిదా పడిన ఎన్నికలకు తేదీ ప్రకటించండి.